అంబులెన్స్ లోపలి శుభ్రత: రెండు కేసుల మధ్య పావుగంటలో ఏం కుదురుతుంది?

ఫ్లీట్_నల్లకుంట:
అందరికీ నమస్కారం. రెండు బీఎల్‌ఎస్ (ప్రాథమిక సదుపాయాల), ఒక ఏఎల్‌ఎస్ (వెంటిలేటర్ లాంటివి ఉన్న) బండికి శుభ్రత పద్ధతి రాసి గోడకి అంటించాలి. తిరుగుడంతా గాంధీ, ఉస్మానియా, నిమ్స్, నీలోఫర్, ఫీవర్ ఆసుపత్రి మధ్యే. ఒక పేషెంట్‌ని దించిన పావుగంటకి ఇంకో కాల్. ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది: స్ట్రెచర్ మీద స్పిరిట్ కొట్టి తుడుస్తారు, నేలకి ఫినాయిల్, నెలకోసారి ఒక ఏజెన్సీ వాళ్లు వచ్చి ఫార్మాలిన్ పొగ పెట్టి సర్టిఫికెట్ ఇచ్చి పోతారు.

ఆ పొగ కొనసాగించాలా? హైపో (సోడియం హైపోక్లోరైట్, క్లోరిన్ మందు) 0.1 శాతమా, 1 శాతమా? ఇద్దర్ని అడిగితే రెండు జవాబులొస్తున్నాయి. ఆ పావుగంటలో నిజంగా పనికొచ్చే పని ఏది?

మైక్రో_ల్యాబ్:
ముందు పొగ సంగతి తేల్చేద్దాం. ఆపేయండి. ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషులకి క్యాన్సర్ తెచ్చే పదార్థమని రుజువై చాలా ఏళ్లయింది. అది పనిచేయాలంటే లోపల తేమ 70 శాతం పైన ఉండాలి, బండిని గంటల తరబడి సీలు వేసి ఉంచాలి, తర్వాత అమ్మోనియాతో విరిచి బాగా గాలాడనివ్వాలి. గంటలో పొగ పెట్టి సర్టిఫికెట్ రాసిచ్చే చోట ఇవేవీ జరగవు. పైగా మురికి పొర కింద దాగిన క్రిమికి పొగ తగలదు. కోవిడ్ ఉధృతంగా ఉన్న 2020 లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, గదుల్లో మందు పిచికారీ చేయడం, పొగ పెట్టడం రోజువారీ పద్ధతిగా వద్దంది. తుడవాల్సిందే.

ఎందుకు తుడవాలో చెప్పడానికి రెండు మూడు అంకెలు చాలు. పొడి ఉపరితలం మీద స్టెఫైలోకోకస్ బ్యాక్టీరియా, యాంటీబయాటిక్స్‌కి లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకంతో సహా, వారం నుంచి ఏడు నెలల దాకా బతికి ఉండగలదు. ఐసీయూల్లో తిష్ఠవేసే అసినెటోబ్యాక్టర్ మూడు రోజుల నుంచి ఐదు నెలలు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు. ఐసీయూ నుంచి ఐసీయూకి మార్చే కేసులు ఎక్కువున్న బండిలో అసినెటోబ్యాక్టర్‌ని లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఇక వరుస. పేషెంట్ దిగగానే వెనక తలుపులు, పక్క తలుపు బార్లా తెరవండి. వాడిన దుప్పటిని దులపకుండా లోపలివైపుకి చుట్టి సంచిలో వేయండి. చెత్త తీయండి. కంటికి కనిపించే రక్తం, వాంతి ఉంటే ముందు పేపర్‌తో పీల్చి తీసేయండి. తర్వాత సబ్బునీళ్ల గుడ్డ, ఆ తర్వాత మామూలు నీళ్ల గుడ్డ, చివర మందు గుడ్డ. పైనుంచి కిందికి, తక్కువ మురికి నుంచి ఎక్కువ మురికికి: సీలింగ్‌కున్న పట్టుకునే కడ్డీ, స్విచ్‌లు, ఆక్సిజన్ నాబ్, మానిటర్, సీటు, స్ట్రెచర్ కడ్డీలు, పరుపు, బెల్టులు, అన్నిటికన్నా చివర నేల. గుడ్డని నాలుగు మడతలు వేస్తే ఎనిమిది శుభ్రమైన ముఖాలొస్తాయి. ఒక ముఖం ఒక చోటికే. వాడిన గుడ్డని మందు బకెట్‌లో మళ్లీ ముంచారా, అక్కడినుంచి తుడిచేది ఆ బకెట్ నీళ్లతోనే, మందుతో కాదు.

నేలని పొడి చీపురుతో ఊడ్వకండి. దుమ్ము లేచి తుడిచిన కడ్డీల మీదే పడుతుంది.

పైలట్_ఉప్పల్:
మేడం, చెప్పుడు బాగనే ఉంది గని దవాఖాన ర్యాంపు మీద అంతసేపు నిలవనిస్తరా? పేషెంట్‌ను దించుడే ఆలస్యం, సెక్యూరిటీ సీటీ కొడ్తడు. ఎనక ఇంకో బండి హారన్. మందు కొట్టినంక పది నిమిషాలు ఆగాల్నంటున్నరు, ఆ పది నిమిషాలు ఏడికెళ్లి తేవాలె? ఇంకోటి, హైపో కొట్టి తలుపులు మూసుకొని పోతే కండ్లు మండుతయి, క్యాబిన్ల కూసోలేం.

మైక్రో_ల్యాబ్:
మీరన్నది నిజమే అన్నా. అందుకే పనిని రెండుగా కోయాలి. ర్యాంపు మీద మూడు పనులే: చెత్త, దుప్పటి, చేతులు తగిలే చోట్లు. దానికి హైపో అక్కర్లేదు. డబ్బాలో వచ్చే రెడీమేడ్ తడి వైప్స్ వాడండి. మెరుగుపరచిన హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం అయితే లేబుల్ మీద ఒక నిమిషం అని ఉన్నవి దొరుకుతాయి, క్వాటర్నరీ అమ్మోనియం రకంలో మూడు నుంచి పది నిమిషాల దాకా ఉంటుంది. ఏది కొన్నా ఆ సమయం చదివి కొనండి. ఆ నిమిషం పాటు ఉపరితలం కంటికి తడిగా కనబడుతూ ఉండాలి. ఒక్క వైప్‌తో బండంతా తుడిస్తే సగంలోనే ఆరిపోతుంది.

మిగతాదంతా బేస్‌కి (బండి నిలిపే మన చోటుకి) వచ్చాక. కాల్ ముందే వచ్చేస్తే? రక్తం, విరేచనాలు, వాంతి ఏమీ పడని కేసు తర్వాత ర్యాంపు పని చాలు, వెళ్లిపోవచ్చు. అవి పడిన బండి మాత్రం పూర్తి శుభ్రత అయ్యేదాకా అందుబాటులో లేదని కంట్రోల్‌రూమ్‌కి చెప్పే అధికారం ఈఎంటీకి (బండిలో పేషెంట్‌ని చూసుకునే టెక్నీషియన్‌కి) ఉండాలి. అది కాగితం మీద రాసి లేకపోతే పావుగంట గొడవ ఎప్పటికీ తెగదు.

కళ్ల మంటకి రెండు కారణాలు. ఒకటి, మోతాదు ఎక్కువ. రెండు, పిచికారీ. స్ప్రే సీసాతో గాల్లోకి కొట్టకండి, గుడ్డ మీద పోసి తుడవండి.

స్టోర్స్_కోఠి:
హైపో మోతాదు లెక్క నేను చెప్తాను, ఇక్కడే అందరూ తప్పేది.

డబ్బా మీద ఉన్న శాతాన్ని కావలసిన శాతంతో భాగించి, ఒకటి తీసేయండి. వచ్చిన అంకె ఒక భాగం హైపోకి కలపాల్సిన నీళ్ల భాగాలు. 5 శాతం డబ్బా నుంచి 0.1 శాతం కావాలంటే 49 భాగాల నీళ్లు, అంటే లీటరులో 20 మిల్లీలీటర్ల హైపో. 0.5 శాతానికి లీటరులో 100. 1 శాతానికి 200. డబ్బా 10 శాతందైతే వీటిలో సగం. సర్జికల్ షాపుల్లో 4, 5, 10 మూడూ ఉంటాయి, డబ్బా రంగు ఒకేలా ఉండొచ్చు. "ఒక మూత" అన్న కొలత పూర్తిగా మానేయండి, 100 మిల్లీలీటర్ల కొలపాత్ర ఒకటి డబ్బాకే తాడుతో కట్టండి.

అసలు సమస్య ఎండ. హైపో వేడికీ వెలుతురుకీ విరిగిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే విరిగే వేగం రెండు మూడు రెట్లవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మూసిన బండిలో పెట్టిన డబ్బా, రేకుల షెడ్డులో పెట్టిన డబ్బా నెల తిరిగేసరికి లేబుల్ చెప్పిన బలంలో ఉండదు. 5 అని రాసున్నది 3 కి దిగితే, మీరు లీటరుకి 20 పోసి చేసిన నీళ్లు వెయ్యి పీపీఎం (అంటే 0.1 శాతం) కాదు, ఆరొందలే. చిన్న డబ్బాలు కొనండి, తయారీ తేదీ చూసి కొనండి, నీడలో చల్లగా ఉంచండి. కలిపిన ద్రావణం ఆ రోజుకే. సీసా మీద తేదీ, సమయం, శాతం మార్కర్‌తో రాయండి. మూత పెట్టిన రంగు సీసా అయితే మేలు, పారదర్శకమైన మినరల్ వాటర్ బాటిల్ అసలు వద్దు. ఎవరో ఒకరు తాగేస్తారు కూడా.

క్లోరిన్ స్ట్రిప్‌లతో చూసుకోవచ్చు. కానీ ఈత కొలనుకి వాడే స్ట్రిప్‌లు తక్కువ పరిధివి. వాటిని వెయ్యి పీపీఎం నీళ్లలో ముంచితే కొన్నిసార్లు రంగు వచ్చి తెల్లబడిపోతుంది, "క్లోరినే లేదు" అనుకుని ఇంకా పోస్తారు. ఎక్కువ పరిధి స్ట్రిప్ కొనండి, లేదా 10 మిల్లీలీటర్ల ద్రావణానికి 90 నీళ్లు కలిపి చూసి, వచ్చిన అంకెని పదితో హెచ్చించండి.

బేగంబజార్‌లో దొరికే బ్లీచింగ్ పౌడర్ తాజాగా ఉంటే 30 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. 1 శాతానికి లీటరుకి 33 గ్రాములు. కానీ సంచి విప్పాక అది కూడా దిగుతుంది, అడుగున సున్నం పేరుకుంటుంది, తేరిన నీళ్లే వాడాలి. బండి బయట, డ్రైనేజీ దగ్గర వాడుకోండి, లోపలికి వద్దు.

హనుమాన్_ఫ్లీట్:
కోవిడ్‌లో అంతా 1 శాతమే కదా వాడాం. ఇప్పుడెందుకు తగ్గించాలి? ఎక్కువైతే పోయేదేముంది, క్రిమి ఇంకా బాగా చస్తుంది.

ఆటోనగర్_బాడీ:
పోయేది బండి సార్. స్ట్రెచర్ అల్యూమినియం గొట్టాల మీద తెల్లటి పొడి లేచి గుంటలు పడతాయి, స్టీలు కడ్డీకి సూదిపోటు లాంటి తుప్పు చుక్కలు, స్ప్రింగు, లాకు పిన్ను బిగుసుకుపోతాయి. రెగ్జిన్ గట్టిపడి మడతల దగ్గర పగులుతుంది. అసలు నష్టం అప్పుడు మొదలవుతుంది, పగుల్లోంచి లోపలి ఫోమ్‌లోకి ద్రవం దిగుతుంది కాబట్టి. ఆ ఫోమ్‌ని ఏ మందుతోనూ శుభ్రం చేయలేరు. ఏ శాతం వాడినా సరే, సమయం అయ్యాక మామూలు నీళ్ల గుడ్డతో లోహం మీద హైపో తీసేసి, పొడి గుడ్డ వేయండి.

శుభ్రం చేసేవాళ్లు చూడని చోట్లు కొన్ని చెప్తాను, ఆడిట్‌కి పనికొస్తాయి.

స్ట్రెచర్‌ని నేలకి బిగించే పట్టాలు, కొక్కెం గుంట. రక్తం జారి అక్కడికే చేరుతుంది. వారానికోసారి స్ట్రెచర్ మొత్తం దించి, పాత టూత్‌బ్రష్‌తో గీకాలి.

నేల వినైల్ గోడని కలిసే మూల. మంచి బండిలో వినైల్‌ని గోడ మీదికి నాలుగు అంగుళాలైనా వంచి ఎక్కిస్తారు. చవక బండిలో అల్యూమినియం పట్టీ కొట్టి వదిలేస్తారు, ఆ పట్టీ కిందికి నీళ్లు దిగి ప్లైవుడ్ కుళ్లుతుంది. వానాకాలంలో బండిలో వచ్చే ముక్కవాసన అదే. సిలికాన్ లేచిపోయిన చోట పాతది పూర్తిగా కోసి తీసి, ఆరబెట్టి, కొత్తది వేయాలి. పాతదాని మీద పూస్తే అంటదు.

లోపల ప్రెషర్ వాష్ గన్ పెట్టకండి. సర్వీసింగ్ సెంటర్‌లో కుర్రాళ్లు బయట కొట్టినట్టే లోపలా కొడతారు. నీళ్లు నేల కిందికి, సాకెట్లలోకి, ఇన్వర్టర్‌లోకి పోతాయి.

పరుపుని తిరగేసి చూడండి. కుట్టు ఉన్న పరుపు కన్నా వెల్డింగ్ అతుకు పరుపు నయం. జిప్ ఉంటే జిప్ తీసి లోపల ఫోమ్ మీద మరక ఉందేమో చూడాలి, నెలకోసారి. మరక ఉంటే మార్చడమే.

బెల్టులు. నైలాన్ నవారు బెల్టు ద్రవాన్ని పీల్చుకుంటుంది, పైన వైప్ రుద్దితే ఏం కాదు. పాలీయురేథేన్ పూత ఉన్న బెల్టులు దొరుకుతాయి, తుడిస్తే పోతుంది. మార్చలేకపోతే రెండు జతలు పెట్టుకుని, రక్తం తగిలింది ఊడదీసి ఉతకండి.

మైక్రో_ల్యాబ్:
హనుమాన్ గారికి ఇంకో కారణం కూడా. మురికి తీయకుండా పోసిన 1 శాతం కన్నా, సబ్బుతో కడిగాక వేసిన 0.1 శాతం మేలు. క్లోరిన్ ముందు రక్తంలోని ప్రొటీన్‌తో కలిసి ఖర్చయిపోతుంది, క్రిమి దాకా మిగిలేది తక్కువ. కాబట్టి మామూలు రోజువారీ తుడుపుకి 0.1 శాతం, పది నిమిషాలు. మండే ఎండలో పలుచటి తడి రెండు మూడు నిమిషాల్లోనే ఆరిపోతుంది, అప్పుడు మళ్లీ తడపాలి. రక్తం చిందిన చోట, పీల్చి తీసేశాక 0.5 శాతం. పెద్ద మొత్తంలో రక్తం ఉంటే 1 శాతం, అది కూడా ఆ మేరకే. మన దేశంలో చాలా ప్రోటోకాల్స్ చిందిన రక్తానికి 1 శాతం అనే రాస్తాయి, తప్పు కాదు. దానర్థం బండంతా 1 శాతం అని కాదు.

విరేచనాల కేసులో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా అనుమానం ఉంటే మాత్రం 0.5 శాతం బండిలో ఆ భాగమంతా. దాని బీజాలు స్పిరిట్‌కి చావవు. అలాంటి కేసు తర్వాత చేతులకి కూడా శానిటైజర్ సరిపోదు, సబ్బు, నీళ్లు, 40 నుంచి 60 సెకన్లు.

కలపకూడనివి పెద్ద అక్షరాలతో రాయండి. హైపోలో టాయిలెట్ క్లీనర్ యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు. అమ్మోనియా పడితే క్లోరమిన్ వాయువు. మూత్రం మీద నేరుగా హైపో పోసినా ఇదే జరగొచ్చు, మూసిన బండిలో అది ప్రమాదం. ముందు పీల్చి తీయాలి అనడం అందుకే.

ఇక క్వాటర్నరీ మందు వాడేవాళ్లకి: సబ్బునీళ్లు పూర్తిగా తీసేయకుండా దాన్ని వేస్తే రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. కాటన్ గుడ్డ కూడా ఆ మందుని తనలోకి లాక్కుంటుంది, ఉపరితలానికి చేరేది తగ్గుతుంది. మైక్రోఫైబర్ లేదా దానికోసం చేసిన వైప్ వాడాలి. హైపోకి మాత్రం మైక్రోఫైబర్ వద్దు, పోగు పాడవుతుంది. బోరు నీళ్ల గట్టిదనం కూడా క్వాటర్నరీని బలహీనం చేస్తుంది. బేస్‌లో బోరే ఉంటే, మందు కలపడానికి కుళాయి నీళ్లు పట్టి పెట్టుకోండి.

ఫ్లీట్_నల్లకుంట:
ఇది బంగారం. మరి స్పిరిట్ పూర్తిగా మానేయాలా?

మైక్రో_ల్యాబ్:
చిన్న వస్తువులకి ఉంచండి: స్టెతస్కోప్, పల్స్ ఆక్సీమీటర్ క్లిప్, థర్మామీటర్, కత్తెర. 70 శాతం. అంతకన్నా గాఢమైనది నీళ్లు తక్కువై సరిగా పనిచేయదు. పెద్ద ఉపరితలానికి ముందే ఆవిరైపోతుంది, పైగా ఆక్సిజన్ ఉన్న మూసిన చోట మండే ఆవిరి. ఎక్రిలిక్ కిటికీ, మానిటర్ తెర మీద పగుళ్లు తెస్తుంది.

ఏఎల్‌ఎస్_ఈఎంటీ:
బండి నేల గురించి ఇంత మాట్లాడుకున్నాం, పేషెంట్ ఊపిరితిత్తులకి నేరుగా వెళ్లేవాటి గురించి ఎవరూ ఎత్తలేదు. నన్నడిగితే కాగితం మీద మొదటి పేజీ ఇదే ఉండాలి.

ఆక్సిజన్‌కి తేమ కలిపే హ్యుమిడిఫయర్ సీసా. చాలా బండ్లలో నీళ్లతో వారాల తరబడి అలాగే వేలాడుతుంది. నీళ్లలో పెరిగే సూడోమోనాస్ క్రిమికి అంతకన్నా ఏం కావాలి? ఊరిలో అరగంట ట్రిప్పుకి, నిమిషానికి 4 లీటర్ల లోపు నేసల్ ప్రాంగ్స్‌కి (ముక్కులో పెట్టే చిన్న గొట్టాలకి) తేమ అక్కర్లేదు. సీసాని ఖాళీ చేసి, ఆరబెట్టి, కవర్‌లో పెట్టండి. ఫ్లోమీటర్‌కి నేరుగా ట్యూబు తగిలించే నిపిల్ పెట్టుకోండి. దూరపు ట్రిప్పుకో, ట్రాకియాస్టమీ (మెడ దగ్గర రంధ్రంలో గొట్టం పెట్టిన) పేషెంట్‌కో కావలిస్తే స్టెరైల్ నీళ్లు, ఆ పేషెంట్‌కే, ట్రిప్పు అయ్యాక పారబోత. తగ్గినప్పుడు పైనుంచి కలుపుకుంటూ పోవడం వద్దు. కుళాయి నీళ్లు, క్యాన్ నీళ్లు అసలే వద్దు.

సక్షన్, అంటే నోటిలోని కఫం, రక్తం లాగే పంపు. కాథెటర్, యాంకౌర్ (నోట్లో పెట్టే గట్టి గొట్టం), పేషెంట్ ట్యూబు ఒక్క పేషెంట్‌కే. జాడీని ఆసుపత్రి డర్టీ యుటిలిటీలో (మలినాలు పారబోసే గదిలో) ముఖానికి షీల్డు పెట్టుకుని, చిందకుండా ఒంపాలి. బేస్‌లో సబ్బుతో బ్రష్ చేసి కడిగి, 0.5 శాతం హైపోలో అరగంట ముంచి, కడిగి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. మూత రబ్బరు రింగుని విడిగా తీయకపోతే కింద జిగురు అలాగే ఉంటుంది. పంపుకీ జాడీకీ మధ్య ఉండే తెల్లటి గుండ్రటి ఫిల్టర్ తడిసినా, రంగు మారినా మార్చేయాలి. అది లేకుండా నడిపితే ద్రవం పంపులోకి పోతుంది, తర్వాత పంపు బయటికి వదిలే గాలితో అది బండంతా చిమ్ముతుంది.

గొంతులో గొట్టం వేసేటప్పుడు వాడే లారింగోస్కోప్ బ్లేడు. స్పిరిట్ దూదితో తుడిచి డబ్బాలో పెట్టడం సరిపోదు. శ్లేష్మ పొరకి తగిలే వస్తువు కాబట్టి హై లెవెల్ డిసిన్ఫెక్షన్ (బీజాలు తప్ప దాదాపు అన్ని క్రిముల్నీ చంపే పద్ధతి) లేదా ఆటోక్లేవ్ కావాలి. దగ్గర్లోని ఆసుపత్రి సీఎస్‌ఎస్‌డీతో (పరికరాల స్టెరిలైజేషన్ విభాగంతో) ఒప్పందం చేసుకోండి, లేదా డిస్పోజబుల్ బ్లేడ్లు వాడండి. పరికరాలు ముంచే గ్లూటరాల్డిహైడ్ మందు ట్రే బండిలో పెట్టుకోకండి. బేస్‌లో అయినా 2 శాతంపైన, 20 నిమిషాలు, గాలాడే గది, స్ట్రిప్‌తో బలం చూడడం, తర్వాత స్టెరైల్ నీళ్లతో కడగడం అన్నీ ఉండాలి. ఇంకోటి, బ్లేడు మడిచినప్పుడు కొస హ్యాండిల్‌కి తగులుతుంది. హ్యాండిల్ గరుకు గాళ్లలో బ్రష్ పెట్టి తుడవాలి.

ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) తిరిగి వాడే సిలికాన్ రకమైతే వాల్వులు విప్పి కడగాలి, బిగించి ఉండగా ముంచితే చేపనోటి ఆకారపు వాల్వు కింద కఫం మిగిలిపోతుంది. మళ్లీ బిగించాక ముందు అరచేతికి పెట్టి నొక్కి చూడాలి, వాల్వు తిరగేసి పెట్టడం జరుగుతూనే ఉంటుంది. వెంటిలేటర్‌కి పేషెంట్ వైపు ఫిల్టర్ పెట్టకుండా వాడొద్దు.

బీపీ కఫ్ గుడ్డది మానేసి తుడవగలిగే ప్లాస్టిక్ పూతది కొనండి. మెడకి వేసే సర్వైకల్ కాలర్‌ని కడిగి మళ్లీ వాడడం మానండి, వెల్క్రోలో చిక్కింది రాదు.

పైలట్_ఉప్పల్:
మా క్యాబిన్ సంగతి గూడ రాయుండ్రి. స్టీరింగ్, గేరు, ఫోను, ట్యాబ్, డోరు హ్యాండిలు. ఎనకనుంచి గ్లౌజుల తోనే వచ్చి ట్యాబ్ పట్టుకుంటరు.

ఏఎల్‌ఎస్_ఈఎంటీ:
గ్లౌజులు వెనక తలుపు దాటకూడదు, అంతే. పైలట్ (డ్రైవర్) అయితే స్ట్రెచర్ ఎక్కించాక గ్లౌజులు తీసి, శానిటైజర్ 20 నుంచి 30 సెకన్లు రుద్ది, అప్పుడు స్టీరింగ్. ట్యాబ్‌కి జిప్ కవర్ వేసి షిఫ్టుకోసారి మార్చండి.

టీబీ_వాలంటీర్:
ఎర్రగడ్డ చెస్ట్ ఆసుపత్రికి తీసుకెళ్లే కేసుల తర్వాత ఏం చేయాలి? అప్పుడూ హైపోనేనా?

మైక్రో_ల్యాబ్:
టీబీలో నేల కన్నా గాలి ముఖ్యం. పేషెంట్‌కి సర్జికల్ మాస్కు, సిబ్బందికి ఎన్95. వెనక ఏసీ రీసర్క్యులేషన్ ఆపి బయటి గాలి తీసుకునేలా పెట్టండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, క్యాబిన్‌కీ వెనకకీ మధ్య కిటికీ మూయండి. క్యాబిన్‌లో కూడా బయటి గాలితో ఫ్యాన్ పెంచి పెడితే గాలి ముందునుంచి వెనక్కి తోస్తుంది. రీసర్క్యులేషన్ బటన్ ఒక్కటి మర్చిపోతే మిగతాదంతా వృథా. కిటికీలు తెరవగలిగితే ఇంకా మేలు.

దించాక ఎంతసేపు ఆగాలి అంటే అది గాలి మార్పిడి మీద ఆధారపడుతుంది. గంటకి 12 సార్లు గాలి మారితే 99 శాతం పోవడానికి 23 నిమిషాలు, 99.9 శాతానికి 35. గంటకి 6 సార్లే అయితే 46, 69 నిమిషాలు. పది ఘనపు మీటర్ల వెనక భాగానికి గంటకి 12 సార్లంటే గంటకి 120 ఘనపు మీటర్ల ఫ్యాన్, సుమారు 70 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి ఘనపు అడుగులు). తలుపులన్నీ తెరిచి ఆరుబయట నిలిపితే ఇంకా త్వరగా పోతుంది. ఆ తర్వాత మామూలు తుడుపు చాలు.

యూవీ లైటు అమ్మేవాళ్లు వస్తారు. నీడపడిన చోట అది పనిచేయదు, స్ట్రెచర్ అడుగంతా నీడే. కళ్లకీ చర్మానికీ ప్రమాదం, ప్లాస్టిక్‌ని పెళుసు చేస్తుంది. తుడవడానికి బదులుగా అయితే కొనొద్దు.

ఆటోనగర్_బాడీ:
ఏసీ మాట వచ్చింది కాబట్టి: వెనక కూలింగ్ కాయిల్ నీళ్లు పోయే గొట్టం వానాకాలం ముందు ఊది చూడండి. మూసుకుపోతే ట్రేలో నీళ్లు నిలిచి బూజు పడుతుంది, ఆ గాలే పేషెంట్ ముఖాన కొడుతుంది. ఫిల్టర్ జాలీ నెలకోసారి కడిగి పూర్తిగా ఆరాకే పెట్టండి.

హనుమాన్_ఫ్లీట్:
ఇదంతా జరిగిందో లేదో ఎలా తెలిసేది? స్వాబ్ తీసి కల్చర్ పంపితే?

మైక్రో_ల్యాబ్:
నెలనెలా కల్చర్ డబ్బు దండగ. ఏదైనా ఇన్ఫెక్షన్ గుంపుగా కనిపించినప్పుడే తీయాలి. అప్పుడు కూడా స్వాబ్ ద్రావణంలో మందుని విరిచే పదార్థం ఉండాలి, హైపోకి సోడియం థయోసల్ఫేట్, క్వాటర్నరీకి లెసిథిన్, పాలీసార్బేట్. లేకపోతే స్వాబ్‌తో వచ్చిన మందు ట్యూబులోనే క్రిముల్ని అణిచేసి "పెరుగుదల లేదు" అని రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టుని ఫ్రేము కట్టి పెట్టుకున్నా అబద్ధమే.

చవకైన పద్ధతి, నల్లకాంతి టార్చికి మెరిసే జెల్. శుభ్రం చేసేవాళ్లకి తెలియకుండా పది చోట్ల చుక్క పెట్టండి: ఆక్సిజన్ నాబ్, స్ట్రెచర్ లీవర్ అడుగు, బెల్టు బకిల్, కడ్డీ పైవైపు, డోరు లోపలి హ్యాండిల్. తుడిచాక టార్చి వేసి ఎన్ని చెరిగాయో లెక్కపెట్టండి. ఇది తిట్టడానికి కాదు, ఏ చోటు చెయ్యి అందడం లేదో తెలియడానికి. ఏటీపీ మీటరు ఉంటే మంచిదే, కానీ అది చూపేది సేంద్రియ మురికిని, క్రిముల లెక్క కాదు. హైపో తడి ఉండగా కొలిస్తే అంకె తప్పొస్తుంది.

నీలోఫర్_రూట్:
పసిపిల్లల ఇంక్యుబేటర్ గురించి ఒక్క మాట. దాని దగ్గరికి ఫినాయిల్, ఫినాలిక్ మందులు ఏవీ రానివ్వకండి. నవజాత శిశువుల్లో బిలిరుబిన్ (కామెర్ల పదార్థం) పెరిగిన కేసులు నమోదయ్యాయి. ఎక్రిలిక్ హుడ్‌కి స్పిరిట్ కూడా వద్దు. తయారీదారు చెప్పిన మందు, తర్వాత నీళ్ల గుడ్డ, పూర్తిగా ఆరాక బిడ్డ. పరుపు కింది ట్రే, చేతులు పెట్టే రంధ్రాల రబ్బరు విప్పి తుడవాలి. ఆ లెక్కన బండి నేలకైనా ఫినాయిల్ ఎందుకు? హైపో ఉండగా దాని అవసరం లేదు.

ఫ్లీట్_నల్లకుంట:
అందరికీ ధన్యవాదాలు. చిత్తుప్రతి ఇది, తప్పులుంటే కొట్టేయండి.

ప్రతి ట్రిప్: తలుపులు తెరవడం, దుప్పటి, చెత్త, చేతులు తగిలే చోట్లకి వైప్, స్ట్రెచర్ పరుపు రెండు వైపులా, బెల్టులు, ఒకసారి వాడేవి మార్చడం.
ప్రతి షిఫ్ట్: సబ్బునీళ్లు, మామూలు నీళ్లు, 0.1 శాతం హైపో పది నిమిషాలు, లోహానికి నీళ్ల గుడ్డ, క్యాబిన్, హ్యుమిడిఫయర్ ఖాళీగా పొడిగా ఉందని సంతకం.
ప్రతి వారం: స్ట్రెచర్ దించి పట్టాలు, అల్మరాలు ఖాళీ చేసి లోపల, స్పైన్ బోర్డు (వెన్ను కదలకుండా పడుకోబెట్టే పలక).
ప్రతి నెల: పరుపు లోపల, ఏసీ జాలీ, జెల్ ఆడిట్. ఫార్మాలిన్ రద్దు.
చెత్త: అన్నీ పసుపు సంచిలో వేసి బేస్ దగ్గర స్వచ్ఛ ఆటోకి (ఇంటింటి చెత్త బండికి). దుప్పట్లు ఇంటి దగ్గర ఉతకడం.

స్టోర్స్_కోఠి:
చివరి రెండూ కొట్టేయండి. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం రక్తపు దూది, కట్లు, మాస్కులు పసుపు. గ్లౌజులు, ఐవీ సెట్లు, ట్యూబులు ఎరుపు. సూదులు, గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలో. గాజు వయల్స్, ఆంప్యూల్స్ నీలం. డబ్బాలు ముప్పాతిక నిండగానే మూత. స్వచ్ఛ ఆటోకి ఒక్క గ్లౌజు కూడా పోకూడదు. అనుమతి ఉన్న ఏజెన్సీకే, 48 గంటలు దాటకుండా.

దుప్పట్లు లాండ్రీకి వేయండి, 71 డిగ్రీల నీళ్లలో 25 నిమిషాలు అని ఒప్పందంలో రాయించండి. కుదరకపోతే పేపర్ రోల్ షీట్లు. రక్తం బాగా తడిసిన దుప్పటి ఉతకడానికి కాదు, పసుపు సంచికి.

ఆటోనగర్_బాడీ:
వారం లిస్టులో సక్షన్ బ్రాకెట్ వెనక, ఆక్సిజన్ సిలిండర్ పట్టీల కింద కూడా కలపండి. సిలిండర్ తీయకుండా తుడిస్తే పట్టీ కింది మురికి అలాగే ఉంటుంది. సిలిండర్ వాల్వు దగ్గర నూనె, గ్రీజు తగలనివ్వకండి, లాకు పిన్నులకి గ్రీజు పెట్టిన చేత్తో ఆ వాల్వు ముట్టుకోవద్దని వర్క్‌షాప్‌లో కూడా చెప్పండి.